నెల్లూరులో ఏ వేళకు ఏమి తినాలి: కొత్తగా వచ్చేవారి కోసం

విజయవాడ నుంచి చెన్నై వెళ్లే జాతీయ రహదారి మీద నెల్లూరు దగ్గరపడుతున్న కొద్దీ 'నెల్లూరు చేపల పులుసు' అని రాసిన బోర్డులు ఒకదాని వెనక ఒకటి కనబడతాయి. ఆకలి మీద ఉన్న ప్రయాణికుడు వాటిలో ఒకదాని ముందు కారు ఆపి, మధ్యాహ్నం మూడున్నరకు పులుసు అడిగి, తెచ్చిపెట్టినది తిని, దీనికా ఇంత పేరు అనుకుంటూ వెళ్లిపోతాడు. ఈ ఊరివాడినైన నేను కూడా ఒక రాత్రి ప్రయాణంలో అలాంటి చోట కూర్చుని, లవంగం, దాల్చినచెక్క వాసన కొడుతున్న ఎర్రటి గ్రేవీని మా ఊరి పేరు మీద వడ్డిస్తే తిన్నాను. వంటవాడిది ఎంత తప్పో, వేళ కాని వేళ వెళ్లి అడిగిన నాదీ అంతే తప్పు. నెల్లూరులో ఉదయం దొరికే రుచి మధ్యాహ్నం దొరకదు, మధ్యాహ్నం పన్నెండున్నరకు ఉన్న ముక్క రెండింటికి ఉండదు, వేసవిలో వచ్చే చేప కార్తికంలో వచ్చే చేప కాదు. కాబట్టి ఇక్కడ భోజనానికి బయలుదేరేవారు ముందు వేళను, తరువాత నెలను చూసుకుని, ఆ తరువాతనే హోటలును ఎంచుకోవడం మంచిది.

ఈ వ్యాసంలో హోటళ్ల పేర్లు ఇవ్వడం లేదు. మా ఊళ్లో మంచి మెస్సు అంటే పొయ్యి దగ్గర ఉన్న మనిషే. ఆ మనిషి మానేసిన మరునాటి నుంచి బోర్డు అదే ఉన్నా పులుసు వేరుగా ఉంటుంది. అందువల్ల పేరు కంటే గుర్తులు తెలుసుకోవడం మేలు.

ఊరిని అర్థం చేసుకోవడం

నెల్లూరు పెన్నా నదికి దక్షిణపు ఒడ్డున ఉన్న పాత పట్టణం. పదమూడవ శతాబ్దంలో మనుమసిద్ధి ఏలుబడిలో విక్రమసింహపురి అనే పేరుతో వెలసిన ఈ ఊరిలోనే తిక్కన సోమయాజి ఉన్నాడు. ఊరి పేరుకు రెండు వివరణలు చెబుతారు. నెల్లి అంటే ఉసిరి చెట్టు కనుక, ఆ చెట్టు కింద వెలసిన మూలస్థానేశ్వరుని వల్ల ఈ పేరు వచ్చిందని ఒకటి. తమిళంలో వడ్లను నెల్ అంటారు కనుక ఇది వడ్ల ఊరని మరొకటి. ఏది నిజమైనా, రెండు కథలూ తినే వస్తువు చుట్టూనే తిరగడం మా ఊరికి తగినట్టే ఉంది.

రంగనాయకులపేట, మూలాపేట, చిన్నబజారు, సంతపేట ప్రాంతాలు పాత ఊరు. ట్రంకు రోడ్డు ఒకప్పుడు మద్రాసు నుంచి కలకత్తా వెళ్లే దారి కావడం వల్ల భోజన హోటళ్లు దాని వెంట పుట్టాయి. మాగుంట లేఅవుట్ వైపు కొత్త రెస్టారెంట్లు వచ్చాయి. ఏసీ గదిలో కుటుంబంతో తీరికగా కూర్చోవాలనుకునేవారు కొత్త ఊరికి, రుచి కోసం వచ్చేవారు ట్రంకు రోడ్డు చుట్టుపక్కల సందులకు వెళ్లాలి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా మద్రాసుతో ఒకే పాలనలో ఉన్న జిల్లా కాబట్టి ఇక్కడి టిఫిన్లలో, సాంబారులో, ఫిల్టర్ కాఫీలో అరవ దేశపు చేయి కనబడుతుంది. పడమటి వైపు కనిగిరి, పొదిలి తాలూకాలు కూడా 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేవరకు నెల్లూరులోనివే. అందుకే ఆ మెట్ట ప్రాంతపు జొన్న, రాగి, పచ్చిమిర్చి, గోంగూర వంటలు నెల్లూరు ఇళ్లలో పరాయిగా తోచవు, కానీ హోటళ్లలో మాత్రం అరుదుగా కనబడతాయి.

ఉదయం: కారం దోసె

ఉదయం ఏడు గంటల నుంచి తొమ్మిది లోపల కారం దోసె తినాలి. ఇది మసాలా దోసెకు మరో రూపం కాదు, దీనిలో బంగాళాదుంప కూర ఉండదు. ఎండుమిరపకాయలు, ఉల్లిపాయ, వెల్లుల్లి, ఉప్పు, కొద్దిగా చింతపండు కలిపి నూరిన ఎర్రకారాన్ని, దోసె సగం కాలిన తరువాత పెనం మీదనే పలుచగా రాసి, పైన వేయించిన పప్పుల పొడి చల్లి, నూనె గానీ నెయ్యి గానీ చుట్టూ పోసి కాలుస్తారు. కారాన్ని ఎప్పుడు రాస్తున్నారో చూస్తే మంచి దోసె బండిని పోల్చుకోవచ్చు. పిండి ఇంకా తడిగా ఉండగానే రాస్తే దోసె మెత్తబడుతుంది. దోసె పూర్తిగా కాలాక రాస్తే పచ్చి ఉల్లి వాసన పోదు. పెనం ముందు నిలబడి, తన ముందున్న ఇద్దరికి వేసే దోసెలు చూసిన తరువాత తనకు చెప్పుకోవడం తెలివైన పని.

కారం తక్కువ తినేవారు 'అన్నా, కారం కొంచెం తగ్గించి, పప్పులపొడి ఎక్కువ చల్లు' అంటే చాలు, ఎవరూ చిన్నబుచ్చుకోరు. నెయ్యి వేయించుకుంటే మిరప ఘాటు తగ్గినట్టనిపిస్తుంది. పక్కన ఇచ్చే చట్నీ గట్టిగా ఉండటం సాధారణం, దానిలో నీళ్లు పోయమని అడగకండి. దోసె తరువాత వెంటనే కాఫీ తాగితే నాలుక మండుతుంది కనుక పది నిమిషాలు ఆగాలి. ఈ మాట ఎంతమందికి చెప్పినా వినరు.

మధ్యాహ్నం: మెస్సు భోజనం

మెస్సుకు పన్నెండున్నరకు చేరుకోవాలి. పన్నెండుకు వెళితే అన్నం ఇంకా వార్చే పనిలో ఉంటారు. ఒకటిన్నర దాటితే తల ముక్కలు, పొట్ట ముక్కలు అయిపోయి తోక ముక్కలు మిగులుతాయి. చేపల రుచి తెలిసినవారు తలను, పొట్టనే అడుగుతారు. కూర్చోగానే విస్తరి మీద నీళ్లు చిలకరించి తుడుచుకోవడం, పప్పు, వేపుడు, పచ్చడి, పొడి వడ్డించేవరకు ఆగడం, మొదటి వాయి పప్పులో నెయ్యితో తినడం ఇక్కడి పద్ధతి. పులుసు కోసం వచ్చాము కదా అని మొదటి ముద్దలోనే పులుసు పోసుకుంటే, ఆ పులుపు ముందు పప్పు, కూర అన్నీ చప్పగా తోస్తాయి. పప్పుతో నాలుగు ముద్దలు, ఆ తరువాత పులుసు, చివర చారు, పెరుగు అనే వరుస పాటించడం మంచిది. చాలా మెస్సుల్లో భోజనంతో పాటు ముక్క లేని పులుసు అడిగినంత పోస్తారు. చేప ముక్కకు మాత్రం విడిగా ధర ఉంటుంది. ముక్క విస్తట్లో పడకముందే ధర అడగడంలో నామోషీ ఏమీ లేదు, ఎందుకంటే కొరమీనుకు, బొచ్చెకు, వంజరానికి ధరలో చాలా తేడా ఉంటుంది.

వడ్డించేవారిని 'అన్నా' అని, పెద్దవయసువారిని 'పెద్దాయనా' అని, మెస్సు నడిపే ఆడవారిని 'అక్కా' లేదా 'అమ్మా' అని పిలవాలి. 'ఇంకా రవంత ఏసుకోండి సార్' అని వారు అడిగినప్పుడు చేయి అడ్డం పెట్టకుండా ఊరికే ఉంటే సరేనన్నట్టే లెక్క.

అన్నం గురించి ఒక మాట. నెల్లూరు మొలగొలుకుల బియ్యం పేరు పెద్దలందరికీ తెలుసు. సన్నని, తియ్యని ఆ బియ్యం దీర్ఘకాలపు పంట కావడం వల్ల స్వల్పకాలపు రకాల ముందు నిలవలేక తగ్గిపోయింది. ఇప్పుడు మెస్సుల్లో వండేది ఎక్కువగా బాపట్లలో రూపొందిన బీపీటీ 5204 లేదా నెల్లూరు వ్యవసాయ పరిశోధనా స్థానం వారి ఎన్.ఎల్.ఆర్. 34449. ఈ రెండవదానినే నెల్లూరు మసూరి అంటారు. 'ఇది మొలగొలుకులేనా' అని అడిగి వడ్డించేవారిని ఇబ్బంది పెట్టడం కంటే, పాత బియ్యమా కొత్త బియ్యమా అని అడగడం ఉపయోగం. కొత్త బియ్యపు అన్నం ముద్దకట్టి పులుసును పీల్చుకోదు. పాత బియ్యపు అన్నం మెతుకు మెతుకుగా విడి పులుసును లోపలికి తీసుకుంటుంది.

పులుసును గుర్తుపట్టడం

నెల్లూరు పులుసులో ముందుగా తెలియవలసినవి చింతపండు, మామిడికాయ, మెంతులు. గరం మసాలా వాసన వస్తే, లేదా అల్లంవెల్లుల్లి ముద్ద ఎక్కువై పులుసు చిక్కగా మాంసం కూరలా ఉంటే, అది వేరే పద్ధతి వంట అని తెలుసుకోవాలి. అది రుచిగా ఉండవచ్చు, కానీ మీరు వెతుక్కుంటూ వచ్చినది అది కాదు. మా ఇళ్లలో వెడల్పాటి మట్టి దాకలో నూనె కాచి, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, కరివేపాకు, టమాటా మగ్గించి, కారం, పసుపు, ధనియాల పొడి వేసి, చిక్కని చింతపండు రసం పోసి, అది బాగా మరిగి నూనె అంచున తేలిన తరువాతనే చేప ముక్కలు వేస్తారు. ముక్క పడ్డాక గరిటె పెట్టరు. దాకను రెండు చేతులా గుడ్డతో పట్టుకుని తిప్పుతారు. పచ్చిమామిడి ముక్కలు ముక్క ఉడికే వేళకు మెత్తబడేలా చూసుకుని వేస్తారు. మెంతులు, జీలకర్ర, ఆవాలు వేయించి కొట్టిన పొడి దించేముందు పడుతుంది. ఆ పొడి మాడితే పులుసంతా చేదే.

ఈ వంట చేసిన గంటకు తింటే పులుసు ఒకవైపు, ముక్క ఒకవైపు ఉంటాయి. ఉప్పు, పులుపు ముక్క లోపలికి దిగడానికి కొన్ని గంటలు పడుతుంది, అందుకే రాత్రి వండి మరునాడు తినడం ఇక్కడి అలవాటు. 'నిన్నటి పులుసు ఉందా' అని మెస్సులో అడిగితే మీరు తెలిసినవారని వారికి అర్థమవుతుంది. లేదంటే ఉదయమే వండి మూత పెట్టిన దాక నుంచి పోయమనండి. ఆర్డరు ఇచ్చాక అప్పటికప్పుడు చేసి తెస్తామన్నవారి దగ్గర పులుసు మానుకుని వేపుడు తీసుకోండి. చేప వేపుడుకు తాజాదనం కావాలి, పులుసుకు నానుడు కావాలి.

చేపలలో కొరమీనుకు ముల్లు తక్కువ కాబట్టి పిల్లలతో వచ్చేవారికి అది మంచిది. బొచ్చె, శీలావతి చెరువు చేపలు. వీటికి ముల్లు ఎక్కువ, ధర తక్కువ, పులుసుకు బాగా పనికివస్తాయి. వంజరం, చందువా సముద్రపు చేపలు, వేపుడుకు మేలైనవి. పండుగప్ప ఉప్పుటేరులకు, సముద్రానికి మధ్య తిరిగే చేప, రెండింటికీ సరిపోతుంది. బొమ్మిడాయిల పులుసు దొరికిన రోజున వేరే ఏదీ అడగనక్కరలేదని నా అభిప్రాయం. పొడుగ్గా పాములా ఉండే ఆ చేపను చూసి వెనకాడేవారు మామిడికాయ వేసి వండిన నెత్తళ్లతో మొదలుపెట్టవచ్చు.

నెలను బట్టి చేప

తూర్పు తీరంలో చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు, మరపడవల వేట నిషేధం ఉంటుంది. తెడ్డుతో నడిచే చిన్న నాటు పడవలు వెళ్లినా వచ్చేది కొద్ది. కనుక మే నెలలో వంజరం వేపుడు అడిగితే మంచులో నిలవ ఉంచినదే వచ్చే అవకాశం ఎక్కువ. ఆ రెండు నెలలూ చెరువు చేపలే అడగండి; పచ్చిమామిడి మంచి పులుపు మీద ఉండే కాలం కూడా అదే కాబట్టి పులుసుకు లోటు రాదు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు మాకు ప్రధానమైన వానాకాలం. తుపాను హెచ్చరిక ఉన్న వారంలో సముద్రపు చేప ఆశించకూడదు. కార్తిక మాసంలో ఊళ్లో చాలామంది మాంసాహారం మానేయడం వల్ల కొన్ని మెస్సులు వంట తగ్గిస్తాయి. ఆ నెలలో వచ్చేవారు ముందుగా ఫోను చేసి కనుక్కోవాలి.

సముద్రం చూసి అక్కడే తినాలనుకునేవారికి మైపాడు సుమారు 25 కిలోమీటర్ల దూరం. ఆదివారం సాయంత్రం అక్కడ జనం ఎక్కువ, నూనె పాతది. మామూలు రోజున ఉదయమే వెళ్లడం మంచిది. అక్కడ చేపను మీరే ఎంచుకుంటే మొప్పలు ఎత్తి చూడండి. మొప్పలు ఎర్రగా, కన్ను ఉబ్బెత్తుగా మెరుస్తూ, వేలితో నొక్కిన గుంట వెంటనే పూడితే చేప తాజాది.

రొయ్యలు అడిగేటప్పుడు

నెల్లూరు తీరం తొంభైలలో టైగర్ రొయ్యల సాగుతో ఒక్కసారిగా డబ్బు చూసి, కొద్ది సంవత్సరాలకే తెల్లమచ్చ తెగులుతో అంత వేగంగానూ నష్టపోయింది. 2009లో వనామి రకానికి అనుమతి వచ్చాక చెరువులు మళ్లీ కళకళలాడాయి. కాబట్టి ఈనాడు హోటలులో దొరికే రొయ్య దాదాపు వనామియే. రొయ్యలను ఇక్కడ 'కౌంటు'తో కొలుస్తారు: 30 కౌంటు అంటే కిలోకు 30 రొయ్యలు, 100 కౌంటు అంటే కిలోకు 100. లెక్క తగ్గిన కొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. తక్కువ కౌంటు పెద్ద రొయ్యలు ఎక్కువగా విదేశాలకు పోతాయి. వేపుడుకు పెద్దవి అందంగా కనిపించినా, ఇగురుకు చిన్న రొయ్యలే రుచి; మసాలా వాటికి బాగా పడుతుంది. ఏది అడిగినా వెన్ను మీది నల్లని నరం తీశారా అని ఒకసారి చూసుకోండి. తీయనిది పంటి కింద ఇసుకలా తగులుతుంది.

సాయంత్రం, పండుగ రోజులు

సాయంత్రం నాలుగున్నర తరువాత బండ్ల దగ్గర పులిబొంగరాలు వేస్తారు. బాగా పులిసిన పిండిలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలిపి కొందరు గుంటల పెనంలో, కొందరు కాగే నూనెలో వేస్తారు. మొదటి వాయి కోసం నిలబడితే నూనె కొత్తది దొరుకుతుంది. పక్కనే నిమ్మకాయ సోడా తాగండి. పొదలకూరు మార్కెట్టుకు వచ్చే నిమ్మకాయలు మా జిల్లావే, వేసవిలో మాత్రం వాటి ధర వింటే సోడానే మేలనిపిస్తుంది.

బిర్యానీ కోసం ప్రత్యేకంగా నెల్లూరు రానక్కరలేదు. బాగుంటుంది, అంతకు మించి చెప్పడానికి లేదు.

మొహర్రం రోజులలో స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాలో రొట్టెల పండుగ జరుగుతుంది. కోరిక ఉన్నవారు, అదే కోరిక తీరినవారి చేతి నుంచి చెరువు నీళ్లలో నిలబడి రొట్టె అందుకుని, తమ కోరిక తీరాక మరుసటి ఏడు వచ్చి రొట్టె ఇస్తారు. అది రుచి చూడటానికి కొనుక్కునే తినుబండారం కాదు కనుక, అడిగి పుచ్చుకునేటప్పుడు ఆ మర్యాద పాటించాలి. ఇస్లామిక్ క్యాలెండరు ప్రకారం ఈ పండుగ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతూ ఉంటుంది. ఆ రోజులలో హోటళ్లు కిక్కిరిసి ఉంటాయి కాబట్టి దగ్గరలోని బుచ్చిరెడ్డిపాళెం వైపు వెళ్లి తినడం సుఖం.

ఇంటికి తీసుకువెళ్లేవి

మిఠాయిలలో పాకం పీల్చిన మలై కాజా మా ఊరిది. రెండు రోజులకు మించి నిలవ ఉంచకండి. ఒంగోలు మీదుగా తిరిగి వెళ్లేవారు అక్కడి నేతి మైసూర్‌పాక్ కూడా తీసుకుంటారు. వంట మీద ప్రీతి ఉన్నవారు ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాలు కొనవచ్చు. వాటికి భౌగోళిక గుర్తింపు ఉంది, మట్టి దాకకు గీత పడకుండా పనికివస్తాయి. అయితే వాటిని నీళ్లలో నానబెట్టకూడదు, కడిగిన వెంటనే తుడిచి నీడన ఆరబెట్టాలి.

పులుసు పార్సిలు కట్టించుకునేవారు సొంత స్టీలు క్యారియరు తెచ్చుకోవడం అవసరం. వేడి పులుసు ప్లాస్టిక్ కవరులో పోస్తే చింతపండు పులుపు, నూనె కలిసి కవరు వాసనను లాగుతాయి. పులుసు పూర్తిగా చల్లారిన తరువాతనే క్యారియరు మూత బిగించి, ముక్కలు విరగకుండా కారులో కింద నిటారుగా ఉంచండి. రాత్రికి ఇల్లు చేరితే వెంటనే తినకుండా ఒకసారి సన్నని సెగ మీద పొంగనిచ్చి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి, ఆ రాత్రే కొద్దిగా అన్నం ఎక్కువ వండి ఉంచుకోండి. పొద్దున్నే ఆ చద్దన్నంలో, గోరువెచ్చగా కాచిన పులుసు వేసుకుని తినాలి.